గడప తొక్కని ఈదమ్మ

ఈదమ్మ చేతికి ఏది అందితే దానికి కొబ్బరి నూనె రాస్తుంది. పసిపిల్ల అరికాలు కావచ్చు, ముసలాయన మడమ కావచ్చు, బర్రె కొమ్ము కావచ్చు, తలుపు మడతబందు కావచ్చు. ఎండిపోయినట్టు కనబడితే చాలు, ఆమె చెయ్యి దానంతటదే రొండిన దోపుకున్న సీసా మీదికి పోతుంది.

సీసా అంటే పెద్దదేం కాదు. ఎప్పటిదో దగ్గుమందు సీసా, మూతికి గుడ్డపేలిక బిరడా. చలికాలంలో అందరి ఇళ్ళలోనూ కొబ్బరి నూనె మైనంలా గడ్డకట్టి, డబ్బా తలకిందులు చేసినా చుక్క రాలదు. ఈదమ్మ సీసాలో మాత్రం ఎప్పుడు చూసినా నీళ్ళలా కదులుతూనే ఉంటుంది. ఒంటి వేడికి కరిగి ఉంటుందని ఆమె అంటుంది. పిడికెడు మనిషిలో అంత వేడి ఎక్కడిదని ఊరివాళ్ళ అనుమానం.

మనిషి అసలే పొట్టి. పైగా నలభై ఏళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ పసిపిల్లలకు వంగి నీళ్ళు పోసీ పోసీ నడుము అలాగే ఉండిపోయింది. నిలబడితే పదేళ్ళ పిల్లంత ఎత్తు. నూనెలో నానిన అరికాళ్ళు కాబట్టి నడిస్తే చప్పుడు రాదు. ముందు వాసన వస్తుంది. తర్వాత చాలాసేపు వాసన ఉంటుంది. మధ్యలో ఆమె వచ్చి వెళ్ళిందా లేదా అన్నది ఎవరికీ సరిగా గుర్తుండదు. మోచేతులు తడుముకుంటే జిడ్డు తగులుతుంది, అప్పుడు తెలుస్తుంది.

ఆమె పుట్టిందీ మెట్టిందీ శామీర్‌పేట చెరువు మీద చేపలు పట్టి బతికే ఇళ్ళలోనే. పెళ్ళయిన కొత్తలో చన్నీళ్ళలో వల లాగిలాగి మొగుడి అరచేతులు బీటలు వారితే మొదటిసారి రాసింది. వారానికల్లా చేతులు మెత్తబడ్డాయి. ఆనాటి నుంచి ఈ లోకంలో ఎండినవన్నీ తన బాధ్యతే అనుకుంది. సికింద్రాబాద్ బస్సులో ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ చింపిచ్చిన కండక్టర్, తూంకుంట దాటాక గానీ తన మోచేతులు రెండూ మెరుస్తున్నాయని గమనించలేదు. ఒకసారి పంచాయతీ ఆఫీసు తాళం మొరాయిస్తోందని దానికీ రాసింది. అది ఎంత మెత్తబడిందంటే, తర్వాత రెండేళ్ళు ఏ ఇంటి తాళంచెవి పెట్టినా తెరుచుకునేది.

పక్కూరి సర్పంచ్ ఎన్నికల నాడైతే ఓటేయడానికి వచ్చిన ఆడవాళ్ళలో సగం మంది వేళ్ళకు సిరా అంటలేదు. పొద్దున్నే చలికి క్యూలో నిలబడ్డవాళ్ళ వేళ్ళు పగిలి ఉన్నాయని ఈదమ్మ వరసబెట్టి రాసుకుంటూ పోయింది. పోలింగు ఆఫీసరు సబ్బు తెప్పించి, బకెట్ పెట్టించి, ఒక్కొక్కరి వేలు కడిగించి సిరా చుక్క పెట్టేసరికి పొద్దు వాలింది.

ఆ ఎన్నికల్లో గెలిచింది జనార్ధన్. లాల్‌గడి మలక్‌పేట్‌లో ఆయన గురించి ఎవరినీ అడగాల్సిన పని లేదు, ఆయనే చెబుతాడు. ఊరి బడిలో ఏడో తరగతి, లెక్కల్లో నూటికి తొంభై ఒకటి. పదేళ్ళు సర్పంచ్. నాలుగు బోర్లు, రెండు కిలోమీటర్ల సిమెంటు రోడ్డు, బడికి ప్రహరీ గోడ, ఊరికి మొట్టమొదటి ఫోను. ఈ వరస మారదు. మధ్యలో ఎవరైనా అడ్డం వస్తే కోపగించుకోడు. ఓపికగా మళ్ళీ ఏడో తరగతి నుంచి మొదలుపెడతాడు. భార్య ఇందిరమ్మకు ఈ జాబితా నిద్రలో కూడా వచ్చు. ఆయన రెండో బోరు దగ్గర ఉండగానే ఆమె ప్రహరీ గోడ దాటేసి చాయ్ పెట్టడానికి లేచేది.

ఇందిరమ్మకూ ఈదమ్మకూ పాత స్నేహం. కొడుకు నిఖిల్ పుట్టినప్పుడు తల్లికీ బిడ్డకూ నెలన్నర నీళ్ళు పోసింది ఈదమ్మే. ఆ నిఖిల్ ఇప్పుడు పేట్ బషీరాబాద్‌లో ప్లాట్ల ఆఫీసు పెట్టుకుని ఆదివారాలు వచ్చిపోతుంటాడు. ఈదమ్మ మాత్రం ఏ వారమూ తప్పలేదు. పొయ్యి పక్కన కూర్చుని ఇందిరమ్మ కాళ్ళకు నూనె రాయడం, ఇద్దరూ కలిసి జనార్ధన్ మీద నవ్వుకోవడం. ఇందిరమ్మ నవ్వు మొదలైతే వీధి చివరికి వినిపించేది.

ఈ స్నేహానికి అడ్డం పడింది కూడా కొబ్బరి నూనే.

రెండేళ్ళ కింద జనార్ధన్ ఫోనులో ఒక వీడియో చూశాడు. పరగడుపున రెండు చెంచాల కొబ్బరి నూనె తాగితే పొట్ట కరుగుతుంది, మతిమరుపు రాదు, నూరేళ్ళు బతుకుతారు అని అందులో ఒకాయన తెల్లకోటు వేసుకుని చెప్పాడు. జనార్ధన్ ఏ పనీ సగం చేయడు. బోర్లు వేయించినంత పట్టుదలగా తాగడం మొదలుపెట్టాడు. ఇందిరమ్మకూ తాగించాడు. తర్వాత ఇంట్లో పల్లి నూనె మాన్పించి వంటంతా దాంతోనే చేయించాడు. ఆ చుట్టుపక్కల కొబ్బరి నూనె అంటే తలకు పెట్టుకునేది. దాన్ని తాలింపు వేస్తే చుట్టాలు ముద్ద నోట్లో పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

ఈదమ్మకు అది పరమ అన్యాయంగా తోచింది. ఆమెకు నూనె విషయంలో ఒక్కటే సూత్రం: తోలుకు మంచిది, కడుపుకు గాదు. బాలింతలకు చెప్పేది, చూలింతలకు చెప్పేది, చివరికి మేకలు కాసేవాళ్ళకూ చెప్పేది. చెవిలో చుక్క వేయమన్నా వేసేది కాదు, అదీ లోపలి లెక్కలోకే వస్తుందని.

జనార్ధన్ డెబ్బయ్యో పుట్టినరోజున యాభై మందికి బగారన్నం, మటన్ వండించారు. అంతా కొబ్బరి నూనెతోనే. ఆయన జాబితా మూడో బోరు దగ్గరికి వచ్చింది. అందరూ తలలు వంచుకుని తింటున్నారు. ఆ నిశ్శబ్దంలో ఈదమ్మ ఒక్క ముద్ద నమిలి విస్తరి పక్కకు జరిపింది.

"ఎవలిదో జడ నమిలినట్టున్నది" అంది. ఊరుకుంటే అక్కడితో పోయేది. ఊరుకోలేదు. "సర్పంచ్ సాబ్, నెత్తికి పెట్టేది కడుపుల పోస్తున్నవ్. నెత్తిల ఉన్నది గూడ కడుపులకే దిగినట్టున్నది."

యాభై మందీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఇందిరమ్మ. జనార్ధన్‌కు మిగతా నలభై తొమ్మిది మందీ వినపడలేదు, ఆ ఒక్క నవ్వే వినపడింది. ఆయన లేచి నిలబడి, వెనక తలుపు వైపు వేలు చూపించి, ఒక్కొక్క మాటా ఒత్తి పలికాడు.

"ఇయ్యాల్టి సంది నా గడప తొక్కకు. నా కంట్ల పడకు."

ఈదమ్మ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. మాటను మనసులో రాసుకుంటున్నట్టు తల ఊపింది. సీసా రొండిన దోపుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆయనకు కనబడలేదు.

ఈ ఏడాది ఆషాఢంలో ఒక పొద్దున ఇందిరమ్మ పొయ్యి దగ్గర ఒరిగిపోయింది. కుడిపక్క చచ్చుబడింది, మాట పడిపోయింది. నెల రోజులు ఆస్పత్రి, తర్వాత ఇంట్లో మంచం. మేడ్చల్ నుంచి పదిహేను రోజులకోసారి వచ్చి చూసే డాక్టర్ తృప్తి, జనార్ధన్‌కూ రక్తపరీక్ష చేయించి చీటీ చూసి, ఆ నూనె తాగడం ఇక ఆపేయమంది. ఒంటికి ఎంతైనా రాసుకోండి అంకుల్, రోజూ తాగితే మాత్రం రక్తంలో చెడ్డ కొవ్వు పెరుగుతుంది అని చెప్పింది. అంటే తోలుకు మంచిది, కడుపుకు గాదు.

జనార్ధన్ ఆమెను ఒక్క మాట అడగాలనుకున్నాడు. నోటి చివరిదాకా వచ్చింది. నేను రెండేళ్ళు తాగించిన నూనే దీన్ని పడగొట్టిందా? అడగలేదు. పదేళ్ళు సర్పంచ్‌గా కలెక్టర్ల ముందు ఏ ప్రశ్నకూ తడబడని మనిషికి ఆ ఒక్క ప్రశ్నకు గొంతు రాలేదు. ఆ రోజే ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ పట్టుకెళ్ళి ఇంటి వెనక లేఅవుట్‌లో గొయ్యి తీసి కుమ్మరించి, మట్టి కప్పి వచ్చాడు. ఇంట్లో చుక్క కూడా మిగల్లేదు.

అదే నెలలో ఆయన పాత వార్డు మెంబరు అంజయ్య శామీర్‌పేట సంత నుంచి ఒక కబురు మోసుకొచ్చాడు. "అన్నా, ఈదమ్మ పోయిందట."

జనార్ధన్ చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆ రోజు రెండో బోరు దగ్గర జాబితా ఆపేశాడు. అలా ఆగడం అంజయ్య ఎప్పుడూ చూడలేదు.

కార్తీకం వచ్చేసరికి ఇందిరమ్మ నడుం కింద చర్మం ఎర్రబడింది. అది తెరుచుకుని పుండైతే మానడం కష్టం, విషం ఒంట్లోకి పాకుతుంది, రెండు గంటలకోసారి పక్క మార్చాలి, చర్మం ఎండనివ్వకూడదు అని డాక్టర్ గట్టిగా హెచ్చరించింది. చూసుకోవడానికి రోజారాణి అనే అమ్మాయిని పెట్టుకున్నారు. ఓపికస్తురాలే, కానీ ఒక్కతే. పైగా మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమెకు కునుకు ఆగదు.

మార్గశిరంలో చలి ముదిరింది. చెరువు మీది నుంచి పొద్దున్నే లేచిన మంచు లేఅవుట్ రాళ్ళ మధ్యకు వచ్చి నిలబడేది. ఒకప్పుడు జనార్ధన్ జొన్న వేసిన చేను అది. ఇప్పుడు తెల్ల సున్నం కొట్టిన హద్దురాళ్ళు వరసలు కట్టి, మనుషులు లేని ఊరులా ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఒక్కొక్కటీ మొదలైంది.

మొదట వెనక తలుపు నోరు మూసుకుంది. ముప్పై ఏళ్ళుగా అది తెరిస్తే గొంతు పిసికిన కోడిలా అరిచేది. జనార్ధన్ దాన్ని బాగు చేయించలేదు. ఆ అరుపే తన కాపలాదారని, తనకు తెలియకుండా ఆ ఇంట్లోకి పురుగు కూడా రాలేదని చెప్పుకునేవాడు. ఒక రోజు తోశాడు. చప్పుడు లేదు. మళ్ళీ తోశాడు. పడవ నీళ్ళ మీద జారినట్టు జారింది. ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదన్నారు.

తర్వాత వాసన. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన ముందు వసారాలో పేపరు మొహం మీద కప్పుకుని పడుకుంటే, రెండున్నరకు లేచేసరికి ఇల్లంతా కొబ్బరి నూనె వాసన. చుక్క నూనె లేని ఇల్లు అది. ఎవరో తల దువ్వుకుని ఇప్పుడే అవతల గదిలోకి వెళ్ళినట్టుండేది. గొయ్యి తీసి పూడ్చిపెట్టిన నూనె లేచి తిరిగి వచ్చిందేమో అన్న ఆలోచన ఆయనకు వచ్చింది. ఏడో తరగతిలో సైన్సు చదివినవాడు, ఆ ఆలోచనను కసిరి పంపేశాడు. అది మర్నాడు ఒంటిగంటకు మళ్ళీ వచ్చింది.

దాంతోపాటు ఒక శబ్దం. లోపలి గదిలోంచి, పావురం గొంతులో నీళ్ళు పోసినట్టు గుర్‌గుర్‌మని. సగం నిద్రలో వినపడేది, లేచి వెళితే ఆగిపోయేది. గదిలో ఇందిరమ్మ కప్పు వైపు చూస్తూ ఉండేది. రోజారాణి గోడకు ఆనుకుని నోరు తెరిచి నిద్రపోతూ ఉండేది.

రోజారాణి కథ ఇంకా ఘోరం. ఒక రోజు నిద్రలేచి తల తడుముకుని కెవ్వుమంది. పొద్దున విరబోసుకున్న జుట్టు చక్కగా నూనె పెట్టి, దువ్వి, జడ అల్లి ఉంది.

"నేను అల్లుకోలే పెద్దసారూ" అని జడ ముందుకు లాగి చూపించింది. "నేను మూడు పాయలు అల్లుకుంట. ఇది నాలుగు పాయల జడ."

మర్నాడు పొద్దున్నే జనార్ధన్ వెనక తలుపు దగ్గరికి వెళ్ళాడు. ముదురాకుపచ్చ రంగు తలుపు మీద తెల్లగా ఒక అరచెయ్యి. అయిదు వేళ్ళూ విడివిడిగా. ఆయన నడుము ఎత్తుకు కూడా లేదు. పదేళ్ళ పిల్ల పెట్టినంత కిందుగా ఉంది. చూపుడువేలితో మెల్లగా ముట్టుకున్నాడు. ముట్టుకున్న చోట ఆ తెల్లటి వేలు కరిగిపోయింది. వాసన చూసుకున్నాడు. కొబ్బరి నూనె. చలికి పేరుకుని తెల్లబడింది. ఎండ తలుపు మీదికి వచ్చేసరికి చెయ్యి మొత్తం మాయమైంది. మర్నాడు మంచులో మళ్ళీ కనబడింది, పక్కనే ఇంకోటి.

అదేమిటో తెలిసింది. ఎవరిదై ఉంటుందన్నదే భయం. అంత కిందికి చెయ్యి వేసే మనిషిని ఆయన జన్మలో ఒక్కదాన్నే చూశాడు. ఆమె పోయిందట కదా.

ఇక ఒంటరిగా మోయలేక అంజయ్యకు చెప్పాడు. అంజయ్య ఇలాంటి వాటిలో ఆరితేరినవాడు. ముగ్గుపిండి తెప్పించి వెనక వసారాలో, గడప మీద, లోపలి గచ్చు మీద పల్చగా చల్లించాడు. మధ్యాహ్నం రెండున్నరకు ఇద్దరూ వెళ్ళి చూశారు. లేఅవుట్ వైపు నుంచి చిన్నచిన్న పాదాలు వసారాలోకి వచ్చాయి. గడప దాకా వచ్చి ఆగాయి. లోపల మళ్ళీ మొదలై ఇందిరమ్మ గదిలోకి వెళ్ళాయి. గడప మీద మాత్రం అడుగు లేదు.

ఆ గడప మామూలుది కాదు. జనార్ధన్ తాత మోకాలెత్తు, మూరన్నర వెడల్పు నల్లరాయి తెచ్చి వేయించాడు. ఎంత పొడుగువాడైనా దాని మీద కాలు పెట్టకుండా లోపలికి రాలేడు. దాని మీద ముగ్గుపిండి వెడల్పుగా చెదిరి ఉంది, గుమ్మడికాయ దొర్లించినట్టు.

అంజయ్య ఆ గుర్తును చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "పసుపు రాసిన గడప తొక్కలేదు అన్నా. మనిషైతే తొక్కుతది."

జనార్ధన్‌కు ఒళ్ళు జలదరించింది, పసుపు వల్ల కాదు. నా గడప తొక్కకు అని తాను అన్న మాట వల్ల. బతికుండగా విన్న మాటను చచ్చాక కూడా పాటిస్తోంది. ఆ పట్టింపు ఈదమ్మదే.

అదే వారం డాక్టర్ తృప్తి వచ్చి ఇందిరమ్మను పక్కకు తిప్పి చూసింది. ఎరుపు లేదు. చర్మం పసిపిల్లదిలా మెత్తగా, నిగనిగలాడుతూ ఉంది. పెద్ద ఆస్పత్రుల్లో కూడా ఇంత బాగా చూడరని, ఇది ఎవరు చేస్తున్నారని అడిగింది. రోజారాణి జనార్ధన్ వైపు చూసింది. జనార్ధన్ గడప వైపు చూశాడు.

డాక్టర్ కారెక్కగానే రోజారాణి కొంగు నడుముకు బిగించి చెప్పేసింది, ఆదివారం తర్వాత ఇక రానని. అమ్మను చూసుకోవడానికి ఇష్టమేనట, కానీ చచ్చినవాళ్ళతో డ్యూటీ పంచుకోలేదట. ఆ మాటకు జనార్ధన్ మనసులో లెక్క వేసుకున్నాడు. ఈ పిల్ల పోతే పక్క మార్చే చేతులు లేవు. ఆ వచ్చేది ఏదో తేల్చకపోతే పిల్ల పోతుంది. తేల్చబోతే ఆ వచ్చేది పోతుందేమో. ఆ ఎరుపు మళ్ళీ వస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన ముందు వసారాలోని కుర్చీలో రెండు దిండ్లు నిలబెట్టి, పైన పేపరు కప్పాడు. దూరం నుంచి చూస్తే అచ్చం తానే, కాస్త బుద్ధిమంతుడిలా ఉన్నాడు. తర్వాత ఇందిరమ్మ గదిలోకి వెళ్ళి, మూలన బట్టల దండెం ముందు వేలాడే పరదా వెనక నిలబడ్డాడు. పరదాకు పురుగు కొట్టిన బెజ్జం ఒకటి ఉంది. దానికి కన్ను ఆనించాడు.

ఒంటిగంట దాటింది. ఊరంతా తిని పడుకుంది. రోజారాణి తల గోడకు వాలింది. తలుపు చప్పుడు కాలేదు. ముందు వాసన వచ్చింది.

తర్వాత ఒక ముడుచుకున్న ఆకారం గదిలోకి వచ్చింది. జనార్ధన్ కాళ్ళు గచ్చుకు అతుక్కుపోయాయి. అది ముందు రోజారాణి దగ్గర ఆగింది. తలలోకి వేళ్ళు పోనిచ్చి, నూనె రాసి, నాలుగు పాయలు తీసి అల్లింది. రోజారాణి నిద్రలో పాలు తాగిన పిల్లలా చప్పరించింది. తర్వాత అది మంచం దగ్గరికి వెళ్ళింది. ఇందిరమ్మ మోకాలు మడిచి, ఒక చెయ్యి తుంటి మీద, ఒక చెయ్యి భుజం మీద వేసి ఒక్క ఊపులో పక్కకు తిప్పింది. రొండి నుంచి సీసా తీసింది. ఎరుపు ఉండిన చోట రుద్దకుండా దాని చుట్టూ, వెన్నుకు, మోచేతులకు, మడమలకు రాసింది. రాస్తూ మెల్లగా మాట్లాడుతోంది. ఆ గొంతు విని జనార్ధన్ పరదా అంచు పట్టుకున్నాడు.

"ఏడో తరగతి" అంటోంది ఆ గొంతు, మీసం దువ్వుతున్నట్టు బరువుగా. "లెక్కలల్ల తొంభై ఒకటి. పదేండ్లు సర్పంచ్. ఒక బోరు. ఇంకో బోరు. ఆగుండ్రి, నడుమ మాట్లాడకుండ్రి, మల్ల మొదటి సంది చెప్త. ఏడో తరగతి..."

మంచం మీది నుంచి పావురం గొంతులో నీళ్ళు పోసినట్టు శబ్దం వచ్చింది.

జనార్ధన్ బెజ్జంలోంచి చూశాడు. ఇందిరమ్మ మూతి ఎడమవైపు సగం పైకి లేచింది. భుజం కదులుతోంది. కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అయిదు నెలలుగా మాట లేని మనిషి నవ్వుతోంది. పూర్వం వీధి చివరికి వినిపించిన నవ్వే, సగం నోట్లోంచి వస్తున్నందుకు అలా గుర్‌గుర్‌మంటోంది. రోజూ ఒంటిగంటకు ఆయనను భయపెట్టిన శబ్దం అదే. ఆయన మీద నవ్వే.

నవ్వు తగ్గాక ఈదమ్మ కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది. అప్పుడు గొంతు కాస్త పెంచింది. గోడలకు కూడా వినపడాలన్నట్టు.

"డాక్టరమ్మను లేఅవుట్ కమాన్ కాడ ఆపి అడిగిన బిడ్డా. మోచేతులకు నూనె పెట్టుకుంట అడిగిన, తప్పించుకోలేకపోయింది. ఒక్క నూనెతోని ఇట్ల కాదన్నది. నీకు బీపీ పదేండ్ల సంది ఉన్నదట, గోలీలు ఒకనాడు ఏసుకుంటివి, మూణ్ణాళ్ళు మరిస్తివి. నూనె తాగుడు మంచిది గాదు, అది నిజమే. గని నిన్ను పడగొట్టింది అదే అనుకుంట కొందరు లోపట లోపట ఎండిపోతాండ్రు. ఎండుడు మంచిది గాదు."

పరదా వెనక జనార్ధన్ గోడకు ఆనుకున్నాడు. ఆషాఢం నుంచి తాను అడగలేకపోయిన ప్రశ్నకు జవాబు దొరికింది. ముక్కు చీదుకుంటే చప్పుడవుతుందని ఊపిరి బిగబట్టాడు.

అప్పుడు ఒక వేడి చెయ్యి ఆయన కుడి మడమను పట్టుకుంది.

నాలుగు బోర్లు వేయించిన మనిషి నోట్లోంచి కోడిపిల్ల కూతలాంటిది వచ్చింది. కిందికి చూశాడు. పరదా ఆయన మోకాళ్ళ దాకానే ఉంది. ఇంతసేపూ ఆయన రెండు కాళ్ళూ గదిలోనే నిలబడి ఉన్నాయి.

"ఈడ ఎవలియో మడిమలున్నయ్" అంది ఈదమ్మ పరదా అవతలి నుంచి. "చెరువు ఎండినట్టు పగిలినయ్."

జనార్ధన్ కాలు వెనక్కి లాక్కోబోయాడు. చెయ్యి మాత్రం పని ఆపలేదు. వేడిగా ఉంది, సీసాలో నూనె ఎందుకు గడ్డకట్టదో జనార్ధన్‌కు అర్థమైంది. చచ్చినవాళ్ళ చెయ్యి ఇంత వేడిగా ఉండదు.

"నువ్వు పోయినవన్నరు" అన్నాడు చివరికి.

"పోయిన. దేవరయాంజాల్ పోయిన. బిడ్డకు కంటి ఆపరేషన్ అయితే నాలుగు నెలలు ఆడనే ఉన్న. ఇందిరమ్మ సంగతి తెల్సినంక ఆటోల వచ్చిపోతాన."

"అంజయ్య ఇంకో తీరుగ చెప్పిండు."

"గాయనకు సగం మాటనే ఇనవడ్తది. చెవిల నూనె పొయ్యుమంటడు. నేను పొయ్య. అది లోపటికి లెక్క."

మంచం మీద పావురం మళ్ళీ మొదలైంది. జనార్ధన్ గొంతు సవరించుకున్నాడు. పాత సర్పంచ్ గొంతు కాస్త తిరిగి వచ్చింది.

"నా గడప తొక్కొద్దని చెప్పిన గదా."

"తొక్కలే. దాని మీద కూసోని, కాళ్ళు ఇటు మలుపుకొని దిగుతాన. కూసోవద్దని నువ్వు అనలే."

గుమ్మడికాయ గుర్తు ఆయన కళ్ళ ముందు మెదిలింది. "కంట్ల పడొద్దన్న."

"పడలే. నువ్వు పరద ఎనకున్నవ్" అని రెండో మడమ అందుకుంది. "కదలకు. గిలిగింత అయితే ఓర్సుకో."

అలా పరదా వెనక నిలబడి ఆయన గిలిగింత ఓర్చుకున్నాడు. బయటికి వస్తే ఆమె తన కంట పడినట్టవుతుంది. అప్పుడు మాట వెనక్కి తీసుకోవాలి. అది ఆయన వల్ల కాదు. ఆమెకూ ఆ సంగతి తెలుసు కాబట్టి పని కాగానే సీసాకు బిరడా బిగించి, వచ్చినట్టే వెళ్ళిపోయింది. రోజారాణి లేచి జడ తడుముకుని అరవబోయి, పరదాలోంచి బయటికొచ్చిన పెద్దసారును చూసి నిజంగానే అరిచింది. సంగతి విన్నాక ఆదివారం మాట మళ్ళీ ఎత్తలేదు. నాలుగు పాయల జడ తనకు బాగానే ఉందని అద్దంలో చూసుకుంది.

సోమవారం జనార్ధన్ మేస్త్రీని పిలిపించాడు. తాత వేయించిన మోకాలెత్తు నల్లరాయిని పెకలించి, ఆ చోట గచ్చు సాఫు చేయించాడు. తలుపుకు గడప లేకుండా ఉంటుందా అని అంజయ్య గుండెలు బాదుకున్నాడు. ఇందిరమ్మ చక్రాల కుర్చీ ఎండలోకి రావాలంటే అడ్డం ఉండొద్దని జనార్ధన్ చెప్పాడు. అది నిజమే, ఆ సాయంత్రం ఆమెను తోసుకుంటూ వెనక వసారాలోకి తానే తెచ్చాడు. తీసిన రాయిని అదే వసారాలో గోడవారగా వేయించాడు. పదేళ్ళ పిల్లంత ఎత్తు మనిషి కూర్చోవడానికి అది సరిగ్గా సరిపోతుంది.

గడప తొక్కకు అన్న మాట ఆయన ఈ రోజు వరకూ వెనక్కి తీసుకోలేదు. తొక్కడానికి గడప లేకుండా చేశాడంతే. ఆయన జాబితాలో ఇప్పుడు ఫోను తర్వాత అది కూడా చేరింది. ఏడో తరగతి, పదేళ్ళు సర్పంచ్, నాలుగు బోర్లు, రోడ్డు, ప్రహరీ గోడ, ఫోను, తీయించిన గడప ఒకటి.

ఇక కంట్లో పడకు అన్న మాట ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన కుర్చీ ఇప్పుడు వెనక వసారాలో పడుతుంది. లేఅవుట్ రాళ్ళ వైపు నుంచి వాసన రాగానే పేపరు పక్కన పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. చెప్పులు వదిలి, కాళ్ళు రెండూ ముందుకు చాపుతాడు.

అటుగా వచ్చిన అంజయ్య, ఆ నూనె వాసనకు బెదిరి, ఇంట్లోకి ఎవరు వచ్చారన్నా అని గుసగుసగా అడుగుతాడు.

"నేనైతే ఎవల్ని చూడలే" అంటాడు జనార్ధన్, కళ్ళు తెరవకుండా. ఆయన మడమలు ఎండకు తళతళలాడుతుంటాయి. లోపల పావురం కూస్తుంటుంది.